డి డ్రైవ్‌లో అశ్విని పెళ్లి

గోపన్‌పల్లి,
జూన్ 9, 2025.

ప్రియమైన బావకు,

కవరు మీద నా చేతిరాత చూసి కూడా చించి పారేయకుండా ఇక్కడిదాకా వచ్చావంటే సగం గండం గట్టెక్కినట్టే. పదకొండేళ్ల కింద నా దుకాణం ముందు నిలబడి, ఈ జన్మలో నాతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నావు. మీ అమ్మాయి అశ్విని పెళ్లి వీడియోలో తెర మీద పూలు ఎక్కువ ఎగరేశానని కదా ఆ గొడవంతా. మాట్లాడనన్నావు గానీ చదవనని అనలేదు. అందుకే ఫోన్ జోలికి పోకుండా ఉత్తరం రాస్తున్నాను. మా గోపన్‌పల్లి నుంచి మీ తెల్లాపూర్‌కు ఆటోలో పావుగంట, పోస్టులో నాలుగు రోజులు. మన మధ్య దూరానికి పోస్టే సరైన లెక్క.

ఏప్రిల్‌లో భరత్‌ను వైకుంఠధామానికి తెచ్చినప్పుడు నేనూ వచ్చాను బావా. కన్నకొడుక్కి నువ్వు కొరివి పెడుతుంటే గేటు దగ్గర ట్యాంకర్ పక్కన నిలబడ్డాను. దగ్గరికి రాకుండానే తిరిగి వెళ్లిపోయాను. ముప్పై అయిదేళ్ల పిల్లవాడు. నన్ను మామా, మామా అని పిలిచిన పిల్లవాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆ టిప్పర్ ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే ఏం పోయేది? ఏం రాయాలో తెలియక రెండు నెలలు ఊరుకున్నాను. ఇప్పుడూ తెలియదు.

అసలు సంగతికి వస్తాను. నువ్వు నాకు బిగించి ఇచ్చిన పెళ్లి వీడియోలు కూర్చే ఆ పాత మిక్సింగ్ కంప్యూటర్ మెషీన్, ఎక్స్‌పీది, ఇంకా నా దగ్గరే ఉంది. దుకాణం మూసేసినప్పుడు అటక మీద పెట్టాను. ఒక తల్లి వచ్చి తన ఇంట్లో జరిగిన పాత పెళ్లి తాలూకు రా ఫుటేజీ కావాలని అడిగింది. మిక్సింగ్‌లో తీసేసిన ముక్కలు కావాలట. క్యాసెట్లు ఏనాడో వేరే పెళ్లిళ్లకు వాడేశాం, నీకు తెలుసు. ఫైళ్లు మాత్రం డి డ్రైవ్‌లో ఉన్నాయి. మా అక్క అల్లుడు శేఖర్ హార్డ్ డిస్క్ తీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాడు. ఫైళ్లు కాపీ అయ్యాయి గానీ ఏ ప్లేయర్‌లోనూ బొమ్మ రావడం లేదు, ఉత్త నల్లగా ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ దాచుకున్న పద్ధతి అట్లాంటిది. ఆ మెషీన్‌లో తెరిస్తేనే తెరుచుకుంటాయి.

మెషీన్ ఆన్ అవుతోంది. తెర మీద అక్షరాలు మాత్రం బండరాళ్లంత పెద్దగా వస్తున్నాయి. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే డిస్‌ప్లే హార్డ్‌వేర్ దొరకలేదని చెప్పి మూసుకుంటోంది. హైటెక్ సిటీ చుట్టూ లక్షమంది ఇంజనీర్లున్నారు, అడిగిన ప్రతివాడూ దీన్ని పాత సామాన్లవాడికి వేయమన్నాడు. నువ్వు తప్ప దీని నాడి తెలిసినవాడు లేడు.

జవాబు రాస్తావని ఆశ పడుతున్న,
లింగమూర్తి.


తెల్లాపూర్,
జూన్ 14.

లింగమూర్తికి,

ఒట్టు ఒట్టే. మెషీన్ నా చేత్తో బిగించింది కాబట్టి దాని కోసం రాస్తున్నాను.

అక్షరాలు పెద్దగా వస్తున్నాయంటే వీడియో కార్డుకు డ్రైవర్ లేదు. విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్‌తో ఎట్లాగో నెట్టుకొస్తోంది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి, మేనేజ్‌లోకి వెళ్లి, డివైస్ మేనేజర్ తెరువు. వీడియో కంట్రోలర్ పక్కన పసుపు గుర్తు ఉంటుంది. అది ఉంటే, క్యాబినెట్ పక్క రేకు విప్పి కార్డు ఏ రంగులో ఉందో చూసి రాయి. నేను వేసింది ఎర్ర కార్డు. దాని మీద చిన్న ఫ్యాన్ ఉంటుంది. వేరే రంగు ఉందంటే ఎవడో వేలు పెట్టాడని అర్థం.

తెరిచినప్పుడు తేదీ ఏం చూపిస్తోందో కూడా రాయి. హార్డ్ డిస్క్‌లోంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేయి. అది చచ్చిందంటే నేను కాదు, బ్రహ్మదేవుడు కూడా లేపలేడు.

రామాంజనేయులు.


గోపన్‌పల్లి,
జూన్ 22.

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మెషీన్ కోసం, మిగతా రెండుసార్లు నీ విసుర్ల కోసం. మా ఇంటిది కనకలక్ష్మి చూసి, "ఏంది, గిట్ల నవ్వుతున్నవ్?" అని అడిగింది. నీ చేతిరాత చూపించాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

నువ్వన్నట్టే ఎవడో వేలు పెట్టాడు. ఆ ఎవడో మన శేఖరే. ఎర్ర కార్డు ఫ్యాన్ తిరగడం లేదని దాన్ని పీకి, గచ్చిబౌలి నుంచి కొత్త కార్డు తెచ్చి పెట్టాడట. నాకు చెప్పనే లేదు. ఆ కొత్త కార్డుకు ఎక్స్‌పీ డ్రైవర్ లోకంలో ఎక్కడా లేదని నిన్న తెలిసింది. ఇంకా నయం, ఎర్ర కార్డును టూత్‌పేస్టు డబ్బాలో పెట్టి దాచాడు. తేదీ అయితే జనవరి 1, 2002 అని చూపిస్తోంది. సరిచేసి ఆపితే మళ్లీ 2002కే పోతోంది. దానికైనా వెనక్కి పోయే అదృష్టం ఉంది.

డిస్క్ శబ్దం ఇంకా బాగానే ఉంది. రోజుకు ఒక్కసారే ఆన్ చేస్తున్నాను.

ఆ తల్లి నిన్న మళ్లీ వచ్చింది. వచ్చి మెషీన్ పక్కన స్టూలు మీద కూర్చుంది. తెర మీద ఆ పెద్ద అక్షరాలు చూస్తూ అరగంట ఉండి వెళ్లింది. ఫోన్‌లో కొడుకు వీడియోలు ఉన్నాయట. స్నేహితులతో ఉన్నవి, ఆఫీసులో కేకు కోసినవి. తండ్రితో కలిసి ఉన్నది ఒక్కటీ లేదట. ఆ పెళ్లిలో ఒక్కచోట ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో పడ్డారని నేనే ఎప్పుడో నోరు జారాను. అందుకే వచ్చింది. ఆమె ముఖం చూడలేకపోతున్నాను బావా. తర్వాత ఏం చేయాలో తొందరగా రాయి.

నీ జవాబు కోసం గేటు దగ్గరే కాచుకున్న,
లింగమూర్తి.


తెల్లాపూర్,
జూన్ 26.

లింగమూర్తికి,

శేఖర్‌ను నా కంటికి కనిపించవద్దని చెప్పు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు. ఫ్యాన్ తిరగకపోతే స్టిక్కర్ కింద కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు.

ఇప్పుడు చెప్పేది చెప్పిన వరసలోనే చేయి. వరస తప్పితే ఎక్స్‌పీ అలుగుతుంది.

ముందు బోర్డు మీదున్న గుండ్రటి సెల్లు మార్చు, రూపాయి బిళ్లంత ఉంటుంది. అది చచ్చిపోవడం వల్లే తేదీ వెనక్కి పోతోంది. తేదీ తప్పుగా ఉంటే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కూడా తెరుచుకోదు. తర్వాత కొత్త కార్డు తీసెయ్. ఎర్ర కార్డు బంగారు పళ్లను పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్ది, గట్టిగా నొక్కి కూర్చోబెట్టు. ఆన్ చేస్తూ ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి శేఖర్ ఎక్కించిన చెత్తంతా తీసెయ్. మామూలుగా తెరిచినప్పుడు కొత్త హార్డ్‌వేర్ దొరికిందని అదే ముందుకొస్తుంది. దాని మాట వినకుండా క్యాన్సిల్ కొట్టు. ముందు మదర్‌బోర్డు సీడీ వేయి, రీస్టార్ట్ చేయి. తర్వాతే వీడియో కార్డు సీడీ, మళ్లీ రీస్టార్ట్. నెట్‌లో దొరికే కొత్త వెర్షన్ వద్దు, డబ్బాతో వచ్చిన సీడీయే వాడు. అది గీతలు పడి ఉంటుందని నాకు తెలుసు. అందుకే నా దగ్గరున్న కాపీ ఈ కవర్లో పెడుతున్నాను. పాతవన్నీ పారేశాను, ఇది ఎందుకో పారేయలేదు.

బొమ్మ వచ్చిన వెంటనే ముందు మామూలు ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేయి. చూడటం తర్వాత.

ఆ తల్లి అదృష్టవంతురాలు. ఆమె కొడుకు ఆ పెళ్లికైనా వచ్చాడు. నా కొడుకు సొంత చెల్లెలి పెళ్లికి రాలేదు. అశ్వినికి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవన్న సంగతి మొదటి సంబంధం వాళ్లకు వాడే చెప్పాడు. నిశ్చితార్థం ఆగిపోయింది. దాచిపెట్టి పెళ్లి చేస్తే రేపు అది పడే బాధ నువ్వు పడతావా అని నన్నే నిలదీశాడు. నా గడప తొక్కవద్దన్నాను. అన్నాననుకో, నిజంగానే రాకుండా ఉంటారా ఎవరైనా? రెండో సంబంధం కుదిరి పెళ్లి జరుగుతుంటే, పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సిన అన్న లేక మా తమ్ముడి కొడుకు పోశాడు. ఎందరు అడిగారో నన్ను. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు. రాయాలనిపించింది, రాశాను.

రామాంజనేయులు.


గోపన్‌పల్లి,
జూలై 6.

ప్రియమైన బావకు,

నిన్న శనివారం పగలు పదకొండింటికి తెర మామూలు సైజుకు వచ్చింది. నీ సీడీ ఎక్కించి రెండోసారి రీస్టార్ట్ చేశాక, పసుపు గుర్తు మాయమైంది. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. నేను పెద్దగా అరిచేసరికి కనకలక్ష్మి పొయ్యి కట్టేసి పరుగెత్తుకొచ్చింది. ముందు పెన్‌డ్రైవ్‌లో వేశాను, నువ్వు చెప్పినట్టే. తర్వాతే చూశాను. ఇప్పుడు రాయబోయేది చదివేటప్పుడు కూర్చుని చదువు.

ఆ తల్లి వేరెవరో కాదు, నీ ఇంటావిడ, మన గంగమ్మ చెల్లె. ఆ పెళ్లి అశ్విని పెళ్లి.

భరత్ వచ్చాడు బావా.

పెళ్లయిన మర్నాడు గంగమ్మ చెల్లె ఒక్కతే నా దుకాణానికి వచ్చింది. "అన్నా, వాడు వచ్చినాడు. ఆయన చూడలేదు. వీడియోలో కనపడితే మళ్లా రగడ అయితాది, కొత్త అల్లుని ముందర పరువు పోతాది. వాణ్ని తీసెయ్యన్నా" అని చేతులు పట్టుకుంది. మా మిక్సింగ్ వాళ్లకు ఇది కొత్త పని కాదు. మాటలు లేని తోడల్లుళ్లను, అలిగి వెళ్లిపోయిన పెద్దనాన్నలను, చెప్పినవాళ్లను చెప్పినట్టు తీసేసేవాళ్లం. ముక్క కోసిన చోట అతుకు తెలియకుండా ఒక పువ్వు ఎగరేసేవాళ్లం. భరత్ నాలుగు చోట్ల ఉన్నాడు, నాలుగు చోట్లా పూలు ఎగరేశాను. నువ్వు తిట్టింది ఆ పూలనే. ఆ రోజు నిజం చెప్పలేక నిలబడి తిట్లు తిన్నాను. ముక్కలు చెరిపేయడానికి మాత్రం చేయి రాలేదు. వేరే పేరు పెట్టి డి డ్రైవ్‌లో దాచాను.

భరత్ కర్మలో పదకొండో రోజున కూడా నువ్వు చుట్టాల ముందు, చెల్లెలి పెళ్లికే రానివాడు అన్నావట. ఆమె వచ్చాడని చెబితే, కొడుకును వెనకేసుకొస్తున్నావని కొట్టిపారేశావట. "చెప్తే నమ్మడన్నా, కండ్లతో చూస్తేనన్నా నమ్ముతాడు. వాడు పోయినాక అయినా ఆ మాట అనకుండా ఉంటాడు" అంది నాతో. అందుకే ఇదంతా. నీకు అబద్ధం రాసింది అందుకే.

మొదటి ముక్కలో భరత్ ఫంక్షన్ హాలు గేటు దగ్గర కారు నడిపేవాళ్లతో నిలబడి ఉన్నాడు. రెండోదాంట్లో నీళ్ల డబ్బా భుజాన మోసుకుపోతున్నాడు. మూడోదాంట్లో జీలకర్ర బెల్లం పెట్టే వేళ, స్తంభం పక్క నుంచి అశ్వినిని చూస్తున్నాడు. అక్షింతలు చేతిలోనే ఉన్నాయి. వేద్దామని చెయ్యెత్తి, అంత దూరం పడవని దించేశాడు.

నాలుగోది భోజనాల దగ్గర. వడ్డించేవాళ్ల ఎర్ర చొక్కా ఒకటి సంపాదించి తొడుక్కున్నాడు. తలకు టోపీ కూడా ఉంది. మగపెళ్లివారి వరసలో నువ్వు నీ వియ్యంకుడి పక్కన కూర్చున్నావు. నెయ్యి గిన్నె పట్టుకుని ఒక్కొక్క ఆకు దగ్గరా వంగి పూర్ణపు ఓళిగల మీద పోసుకుంటూ వచ్చాడు. నీ దగ్గరికి వచ్చి వంగాడు. నువ్వు తల వంచుకునే ఆకుకు చెయ్యి అడ్డం పెట్టావు. చెంచా ఎత్తి అట్లాగే నిలబడ్డాడు. లెక్కపెట్టాను, ఆరు సెకన్లు. తర్వాత పక్క ఆకుకు పోయాడు. అంతే బావా. మీ ఇద్దరూ కలిసి ఉన్నది మొత్తం తొమ్మిది సెకన్లు.

ఖాజాగూడలో కిరాయి గదిలో ఒంటరిగా ఉండేవాడు కదా, వాళ్లమ్మ పెళ్లి మాట ఎత్తినప్పుడల్లా "నాయన లేకుండా ఎట్ల చేసుకుంటాను?" అనేవాడట. నేను ఆ వీడియోలో వాణ్ని ఉంచి ఉంటే నువ్వు చూసేవాడివి. వారం రోజులు అరిచేవాడివి, తర్వాత పిలిచేవాడివి. నీ సంగతి నాకు తెలియదా? ఆడపిల్ల తల్లి ఏడ్చిందని కోసేశాను. తప్పు నాది, గంగమ్మ చెల్లెది కాదు. ఆమెను ఒక్క మాట కూడా అనవద్దు.

పెన్‌డ్రైవ్ ఆమె చేతికి ఇచ్చాను.

నీ ముందు తల ఎత్తలేని,
లింగమూర్తి.


గోపన్‌పల్లి,
జూలై 21.

ప్రియమైన బావకు,

పదిహేను రోజులైంది. పోస్ట్‌మ్యాన్ నన్ను చూసి దూరం నుంచే చేయి ఊపుతున్నాడు, ఏమీ లేదని. గంగమ్మ చెల్లె ఫోన్ చేసి వీడియో చూశామని చెప్పింది. నువ్వు ఏమన్నావని అడిగితే, ఏమీ అనలేదంది. నువ్వు తిట్టకపోతే నాకు పరేషాన్‌గా ఉంటుంది. తిట్టడానికైనా రెండు ముక్కలు రాయి.

లింగమూర్తి.


తెల్లాపూర్,
ఆగస్టు 3.

ప్రియమైన బావా,

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. అది చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఆ తల్లి ఎవరో నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. గోపన్‌పల్లి గుడికని చెప్పి గంగమ్మ అంతకుముందే ఒకసారి బయటికి వెళ్లింది, ప్రసాదం లేకుండా తిరిగొచ్చింది. తెలిసే మెషీన్ బాగుచేయించాను. తెలిసే నా కొడుకు రాలేదని నీకు అబద్ధం రాశాను. పదకొండేళ్లు చెప్పిన అబద్ధం కదా, చెయ్యి దానంతట అదే రాసింది.

వాడు వచ్చాడని నాకు ఆ రోజే తెలుసు.

ముఖం చూడలేదు. చూడాల్సిన పని లేదు. వాడికి పన్నెండేళ్లప్పుడు నా దుకాణంలో సోల్డరింగ్ చేస్తూ మణికట్టు కాల్చుకున్నాడు. వెన్న రాసి, ఊదుతూ ఒళ్లో కూర్చోబెట్టుకున్నది నేనే. ఆ మచ్చ నా ఆకు మీదికి వంగింది. చెయ్యి అడ్డం పెట్టాను. పక్కన వియ్యంకుడు ఉన్నాడు, పరువు ఉంది, కోపం ఉంది. ఆ ఆరు సెకన్లూ నా లోపల ఏం జరిగిందో చెబుతాను విను. వాడు మళ్లీ ఒకసారి అడుగుతాడనుకున్నాను. వడ్డించేవాడు వద్దన్నా కొసరి వేయాలి కదా, అది కదా మన పద్ధతి. కొంచెం వేసుకో అంటాడు, చెయ్యి తీసేద్దామనుకున్నాను. వాడు అడగలేదు. నోరు తెరిస్తే గొంతు గుర్తుపట్టి లేచిపోతానని భయపడి ఉంటాడు. నేను చెయ్యి తీయలేదు, వాడు నోరు తెరవలేదు.

పెళ్లి తర్వాత నీ వీడియో వచ్చిన రోజు మూడు గంటలూ కదలకుండా కూర్చుని చూశాను. ఎక్కడైనా ఒక్కచోట వాడు కనిపిస్తే చాలు, అప్పుడే తెలిసినట్టు, "ఏరా, వచ్చినావంట కదా" అని ఫోన్ చేద్దామనుకున్నాను. నాకు ఒక సాకు కావాలి బావా. నీ పక్కన కూర్చుని ఎన్ని పెళ్లిళ్ల మిక్సింగ్ చూశాను, పువ్వు ఎందుకు ఎగురుతుందో నాకు తెలియదా? ఎగిరిన ప్రతి పువ్వు వెనకా వాడున్నాడని తెలుసు. నా కొడుకును ఎందుకు తీశావని అడగలేక, పూలు ఎక్కువయ్యాయని నిన్ను తిట్టాను. తర్వాత వాడు రాలేదనే చెప్పుకున్నాను. వచ్చాడంటే, మరి నువ్వేం చేశావని ఎవరో ఒకరు అడుగుతారు.

వీడియోను గంగమ్మ టీవీకి పెట్టించింది. నాలుగో ముక్క దగ్గర నా చెయ్యి పట్టుకుని, "చూడు, నీ తల వంచుకోనే ఉంది. నీకు తెలీలేదు. తెలిసింటే వాణ్ని అట్ల పంపిస్తావా నువ్వు?" అంది. ఆ మాట చెప్పి ఎంత సేపు ఏడ్చిందో. నేను అవునని తల ఊపాను. రోజూ మధ్యాహ్నం పెడుతుంది. రోజూ అదే మాట అంటుంది, నేను రోజూ తల ఊపుతాను. నిజం చెప్పి ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఊరటను ఎందుకు లాక్కోవాలని ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను.

నిన్న అన్నం తింటుంటే ఒకటి తట్టింది. ఓళిగ మీద నెయ్యిని నేను జీవితంలో ఎప్పుడూ వద్దనలేదు. డాక్టరు మానేయమన్నా మానలేదు. అది మా ఇంట్లో అందరికీ వేళాకోళం. భరత్ కూడా ఎక్కిరించేవాడు. అందుకే ఆ రోజు నెయ్యి గిన్నె ఏరి పట్టుకున్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టినప్పుడు వాడికి అర్థమైపోయింది బావా. నాయన నెయ్యిని వద్దనలేదు, నన్ను వద్దన్నాడని అర్థమైపోయింది. ఆ ఆరు సెకన్లు వాడు ఆ మాటే వింటూ నిలబడ్డాడు.

వాడికి తెలిసింది గంగమ్మకు తెలియదా? నలభై ఏళ్లుగా నా కంచంలో నెయ్యి వడ్డిస్తున్నది ఆమె. మొదటిసారి చూసినప్పుడే తెలిసిపోయి ఉంటుంది. తెలిసి కూడా నా చెయ్యి పట్టుకుని, నీకు తెలీలేదు, నీకు తెలీలేదు అంటోంది. ఈ రోజు మధ్యాహ్నం కూడా అంది. నేను తల ఊపాను.

నీ బావ,
రామాంజనేయులు.